గుర్తు సీసాతోనే ఉండాలి



సూరత్‌లోని బమ్రోలిలో, పాండేసరాలో, ఉధనాలో, లింబాయత్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య ఈ మాటలు వింటున్న అన్నలారా, అక్కలారా, పెద్దలారా! ఇవాళ మనం మాట్లాడుకోబోయే విషయం మీ ఇంట్లోనే ఉంది. స్నానాల గదిలోనో, అంట్లు తోమే చోటనో, మంచం కిందనో ఉంది. మరుగుదొడ్డి కడిగే ద్రవం, ఫినాయిలు, దోమల మందు, ఎలుకల పేస్టు, థిన్నరు, బ్లీచింగ్ పౌడరు. వాటిలో ఏదైనా ఒక సీసానో డబ్బానో తెచ్చి దగ్గర పెట్టుకోండి. మూత తీయకండి. ముందువైపు కంపెనీ పేరు, మెరిసే రంగులు, నురుగు బొమ్మలు ఉంటాయి. అవి మనకు ఇప్పుడు అక్కర్లేదు. సీసాను వెనక్కి తిప్పండి. ఆ కింది మూలన, చిన్న అక్షరాల పక్కన, ఏదైనా బొమ్మ ఉందేమో వెతకండి.

ఉంటే ఆ బొమ్మ ఏం చెబుతోంది? లేకపోతే మనం ఏం చేయాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబే ఈ ప్రసంగం.

ముందుగా, ఈ బొమ్మల అవసరం మనకే ఎందుకు ఎక్కువో చెబుతాను. బమ్రోలిలో ఒక్క చాల్ తీసుకోండి. ఎదురు గదిలో ఒడియా, పై గదిలో భోజ్‌పురి, పక్కన మరాఠీ, ఇంటి యజమానిది గుజరాతీ. మన వాళ్లు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ వైపు నుంచి మగ్గం పని నమ్ముకుని సూరత్ వచ్చి తరాలయింది. ఈ నగరంలో మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. కానీ కిరాణా కొట్టులో కొన్న సీసా మీద తెలుగు ఎక్కడ కనబడుతుంది? ఇంగ్లీషు ఉంటుంది, కొంచెం హిందీ ఉంటుంది. అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. తెలుగు ఒక్కటే చదవగలిగే అవ్వ, గుజరాతీ బాగా చదివే మనవడు, బడి ముఖమే చూడని పెద్దాయన ఒకే గదిలో ఉన్న ఇంట్లో ఆ అక్షరాల హెచ్చరిక అందరికీ అందదు. బొమ్మ అందుతుంది. అయితే ఒక షరతు ఉంది. బొమ్మ కదా, చూడగానే అర్థమైపోతుంది అనుకుంటాం. అలా అవదు. అక్షరాలు దిద్దించినట్టే ఈ బొమ్మలనూ ఇంట్లో నేర్పాలి. నేర్పడానికి ఒక సాయంత్రం సరిపోతుంది.

ఈ బొమ్మల వెనక పెద్ద ప్రయత్నమే జరిగింది. ఒకప్పుడు ఏ దేశం గుర్తులు ఆ దేశానివే. ఒక చోట విషం అనిపించుకున్నది సరిహద్దు దాటితే మామూలు సరుకైపోయేది. 1992లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సులో, రసాయనాలకు ప్రపంచమంతా ఒకే వర్గీకరణ, ఒకే రకం లేబుల్ ఉండాలని దేశాలు అనుకున్నాయి. పదేళ్ల పైన కసరత్తు చేసి 2003లో ఐక్యరాజ్యసమితి ఆ పద్ధతిని పుస్తకంగా ప్రచురించింది. జీహెచ్‌ఎస్ అంటారు దాన్ని. అందులో మొత్తం 9 గుర్తులు. అన్నిటిదీ ఒకటే అచ్చు: మన పిల్లలు ఉత్తరాయణానికి ఎగరేసే గాలిపటం ఆకారం, చుట్టూ ఎర్ర గీత, లోపల తెలుపు, ఆ తెలుపు మీద నల్లటి బొమ్మ.

పాండేసరా మిల్లుల్లో, డైయింగ్ హౌసుల్లో పని చేసే తమ్ముళ్లకు ఈ ఎర్ర గీత కొత్త కాదు. రసాయనాల డ్రమ్ముల మీద, బస్తాల మీద రోజూ చూస్తూనే ఉంటారు. చూసినవాటికి ఇప్పుడు అర్థం కలుపుకుందాం.

మొదటిది, ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకోవాల్సిన గుర్తు. రెండు గాజు గొట్టాల నుంచి చుక్కలు కారుతుంటాయి. ఒక గొట్టం కింద చెయ్యి, రెండో గొట్టం కింద లోహపు దిమ్మ. చుక్క పడ్డ చోటల్లా రెండూ తినేసినట్టు గుంటలు పడి ఉంటాయి. ఇది తినివేసే గుణం. మరుగుదొడ్డి కడిగే ద్రవాల్లో సాధారణంగా ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఎక్కువగా 10 శాతం దగ్గర. మురుగు గొట్టాలు తెరిపించే పొడిలో ఉండేది కాస్టిక్ సోడా. ఈ గుర్తు ఉన్నదాన్ని చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, కంటి ఎత్తులో ఒంపవద్దు. ఆమ్లం పడితే చురుక్కుమంటుంది కాబట్టి మనిషి వెంటనే కడుక్కుంటాడు. కాస్టిక్ అలా కాదు. మొదట సబ్బులా జారుగా ఉంటుంది, అంత మంట ఉండదు, ఈలోపు లోపలికి దిగిపోతుంది. కంట్లో పడితే ఆమ్లం కన్నా కాస్టిక్కే ఎక్కువ నష్టం చేస్తుంది. అద్దకం పని చూసిన పెద్దలకు ఇది బాగా తెలుసు. వాళ్ల వేళ్ల సందుల్లో చర్మం ఎలా అయిపోయేదో చూసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

రెండోది మంట. ఒక గీత మీద లేచిన నిప్పు బొమ్మ. థిన్నరు, పెట్రోలు, స్ప్రే డబ్బాలు, కొన్ని రకాల గమ్ముల మీద ఇది ఉంటుంది. ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. మనలో ఎందరో ఆడపడుచులు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు, టిక్కీలు అంటిస్తారు. ఆ గమ్ములో ఆరిపోయే ద్రవం ఉంటే దాని ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు. నేల వెంట, గడప వెంట పాకుతూ పోతుంది. ఒకే గదిలో ఈ మూల గమ్ము డబ్బా, ఆ మూల గ్యాస్ పొయ్యి ఉంటే, పొయ్యి దూరంగా ఉంది కదా అనుకోవడానికి లేదు. గమ్ము మీద మంట గుర్తు ఉంటే, ఆ పని జరుగుతున్నంతసేపూ పొయ్యి ఆగాలి, తలుపు తెరిచి ఉండాలి, అగరొత్తి కూడా వెలగకూడదు.

మంట గుర్తులాంటిదే ఇంకొకటి ఉంది. దాంట్లో నిప్పు ఒక సున్నా మీద ఉంటుంది. తాను మండకపోయినా పక్కనున్నదాన్ని మండించే పదార్థం అని దాని అర్థం. బట్ట తెలుపు చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ కార్బాయ్‌ల మీద ఇది చూస్తారు. దాని పక్కన నూనె గుడ్డలు, దారపు వేస్టు పెట్టకూడదు. ఇక అద్దకంలో వాడే హైడ్రోస్ డబ్బా మీద ఉండేది మామూలు మంట గుర్తే. కానీ దాని స్వభావం వేరు. తేమ తగిలితే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. మిగిలిన హైడ్రోసును పొట్లం కట్టి ఇంటికి తెచ్చి, తడి గోడ పక్కన పెట్టడం నిప్పును ఇంటికి తెచ్చుకోవడమే.

మూడోది పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు. కొంచెం మోతాదే ప్రాణం తీయగలదు అని అర్థం. నాలుగోది ఆశ్చర్యార్థకం, అంటే ఒక గీత కింద చుక్క. చర్మం మండుతుంది, కళ్లు నీరు కారతాయి, ముక్కు గొంతు రేగుతాయి అని చెబుతుంది. ఇంటి సీసాల మీద ఇది ఎక్కువగా కనిపిస్తుంది, అందుకే అలవాటైపోయి దాన్ని లెక్కచేయం. ఐదోది మనిషి ఛాతీ బొమ్మ. ఛాతీ మీద నక్షత్రంలా పగిలిన తెల్లటి మచ్చ. ఇది ఇవాళ కనపడని ప్రమాదాన్ని చెబుతుంది. ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తులకు, కాలేయానికి, కడుపులో బిడ్డకు చేటు కలిగేవి, క్యాన్సర్ కలిగించేవి ఈ గుర్తు కిందికి వస్తాయి. పెట్రోలు, థిన్నరు లాంటివి మింగితే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి తెస్తాయని చెప్పేదీ ఇదే గుర్తు. మిగిలినవి చప్పున చెప్పేస్తాను: గ్యాస్ సిలిండర్ బొమ్మ అంటే ఒత్తిడిలో ఉన్న వాయువు, పేలుతున్న గుండు బొమ్మ అంటే పేలుడు పదార్థం, ఎండిన చెట్టు పక్కన చచ్చిన చేప అంటే కాలువలో పోయకూడనిది.

బొమ్మ పక్కన ఒక మాట కూడా ఉంటుంది. ఈ పద్ధతిలో మాటలు రెండే. డేంజర్ అంటే పెద్ద ప్రమాదం. వార్నింగ్ అంటే దానికన్నా తక్కువ.

ఇప్పుడు మన దేశపు గుర్తుకు వద్దాం. పురుగుమందులకు మనకు ముందునుంచీ సొంత పద్ధతి ఉంది. 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి పురుగుమందు డబ్బా మీదా, మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉండాలి. దాన్ని అడ్డంగా రెండు త్రికోణాలు చేస్తారు. పై త్రికోణంలో హెచ్చరిక మాట, కింది త్రికోణంలో రంగు. రంగులు నాలుగు. ఎరుపు అంటే అత్యంత విషం, దీనికి పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. పసుపు అంటే తీవ్ర విషం. ఎరుపుకూ పసుపుకూ పాయిజన్ అనే మాట ఉంటుంది. నీలం మధ్యస్థం, దాని మాట డేంజర్. ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ, దాని మాట కాషన్. ఊళ్లో పత్తి చేలకు మందు కొట్టిన రైతు బిడ్డలకు ఈ రంగులు తెలుసు. కానీ ఇది పొలానికే పరిమితం కాదు. మనం రాత్రిపూట గోడ ప్లగ్గుకు తగిలించే దోమల మందు, బొద్దింకల స్ప్రే కూడా పురుగుమందులే. వాటి మీదా ఈ త్రికోణం ఉంటుంది.

ఇక్కడ రెండు చోట్ల పొరబడే ప్రమాదం ఉంది. మొదటిది, డేంజర్ అన్న మాట. ఎర్ర గీత గుర్తుల్లో అది పై మెట్టు. మన త్రికోణాల్లో అది మూడో మెట్టు, దాని పైన పాయిజన్ అని ఇంకో రెండు ఉన్నాయి. అందుకే మాట ఒక్కటే చూసి తూకం వేయకండి, రంగూ బొమ్మా కలిపి చూడండి. రెండోది ఇంకా ముఖ్యం. ఆకుపచ్చ. బిస్కెట్ పాకెట్ మీద, నూనె పాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి ఇది శాకాహారం, తినొచ్చు అని మన కళ్లకు అలవాటైపోయింది. ట్రాఫిక్ దీపం దగ్గరా ఆకుపచ్చ అంటే పోవచ్చు అనే. దోమల మందు మీద ఆకుపచ్చ త్రికోణం అలాంటిది కాదు. విషాల్లో కాస్త మెత్తనిది అని మాత్రమే దాని అర్థం. ఆకుపచ్చే కదా అని పసిబిడ్డ ఉయ్యాల పక్కన పెట్టడానికి అది అనుమతి పత్రం కాదు.

ఇంతవరకూ గుర్తున్న సీసాల సంగతి. మన గల్లీలో అసలు కష్టం గుర్తు లేని సీసాలతో.

బండి మీద అమ్మే ఫినాయిలు ఏ సీసాలో వస్తుంది? పాత కూల్‌డ్రింక్ సీసాలో. బాత్రూం కడిగే యాసిడ్ ఎందులో పోసిస్తారు? తాగునీళ్ల సీసాలో. లేబుల్ ఉండదు, గుర్తు ఉండదు, లోపల ఎంత గాఢత ఉందో అమ్మేవాడికీ తెలియదు. యాసిడ్ అమ్మకాల మీద 2013 జులైలో సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో గట్టి ఆదేశాలిచ్చింది. అమ్మేవాడు రిజిస్టర్ రాయాలి, కొనేవాడి ఫొటో గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకు కొంటున్నాడో అడగాలి, 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు, తప్పితే 50,000 రూపాయల దాకా జరిమానా. ఆ ఆదేశాలు వచ్చింది యాసిడ్ దాడులను ఆపడానికి. కానీ అదే కట్టుబాటు మన ఇంటి పిల్లలనూ కాపాడుతుంది. పేరూ ఊరూ లేని సీసాలో యాసిడ్ పోసిచ్చే కొట్టు దగ్గర కొనకండి. అది చవక బేరం కాదు.

గుర్తు ఉండని ఇంకొన్ని వస్తువులు పూజ గదిలో, బీరువాలో ఉంటాయి. కర్పూరం బిళ్ల పటికబెల్లం ముక్కలా కనబడుతుంది. చిన్నపిల్లవాడు మింగితే కాసేపట్లోనే మూర్ఛ రావచ్చు. బట్టల మధ్య వేసే కలరా ఉండలు తెల్లటి పిప్పరమెంట్లలా ఉంటాయి. నాఫ్తలీన్‌తో చేసిన ఉండ మింగితే కొందరి రక్తంలో ఎర్రకణాలు విరిగిపోతాయి. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. గుర్తు ఉన్నా పొరబడేది ఇంకొకటి ఉంది: ఎలుకల పేస్టు ట్యూబు పళ్ల పేస్టు ట్యూబులాగే ఉంటుంది. పసుపు భాస్వరం ఉన్న ఆ పేస్టు నోట్లోకి పోయిన పిల్లవాడు మొదటి రోజు బాగానే ఆడుకుంటూ కనిపించవచ్చు. లోపల కాలేయం దెబ్బతింటున్న సంగతి తర్వాత బయటపడుతుంది. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోవద్దు. అనుమానం వచ్చిన నిమిషమే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడు ఈ ప్రసంగం మొత్తంలో నేను మీకు గట్టిగా చెప్పదలచిన మాట. గుర్తు సీసాతోనే ఉండాలి. సీసా మారితే గుర్తు పోతుంది, గుర్తు పోతే లోపలిది ఏమిటో తెలిసినవాళ్లు ఒక్కరే మిగులుతారు, పోసినవాళ్లు. వాళ్లు పనికి పోయిన వేళ ఆ సీసా ఇంట్లో మిగతా అందరికీ మంచినీళ్ల సీసానే.

ఎలా జరుగుతుందో చూడండి. కార్ఖానాలో గ్రే బట్ట, అంటే అద్దకం కాని ముడి బట్ట, మీద నూనె మరక పడుతుంది. దాన్ని తీసే ద్రవం పెద్ద డబ్బాలో ఉంటుంది, ఆ డబ్బా మీద మంట గుర్తు, ఛాతీ గుర్తు రెండూ ఉంటాయి. ఇంట్లో ఒక చొక్కాకు మరక ఉంది కదా అని మనిషి రెండు గుక్కలంత నీళ్ల సీసాలో పోసుకుని, జేబులో పెట్టుకుని వస్తాడు. గుర్తులు కార్ఖానాలోనే ఉండిపోయాయి. తెల్లగా నీళ్లలా ఉన్న ద్రవం ఒక్కటే ఇంటికొచ్చింది. కిటికీలో పెడతాడు. వేసవి మధ్యాహ్నం దాహంతో బడి నుంచి పరుగెత్తుకొచ్చిన పిల్లకు ఆ కిటికీలో ఏం కనబడుతుంది? నీళ్లు. మన దేశంలో పిల్లలు కిరోసిన్ తాగి ఆసుపత్రిపాలైన ఘటనలు ఎన్నో ఇలాగే, నీళ్ల సీసా వల్లే జరిగాయి. ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు. సీసా వాళ్లకు అబద్ధం చెప్పింది.

ఇక నీలం డ్రమ్ములు. నీళ్లు పట్టి పెట్టుకోవడానికి ప్రతి ఇంటికీ డ్రమ్ము కావాలి. పాత సామాన్ల కొట్లో 200 లీటర్ల నీలం డ్రమ్ము కొత్తదాని ధరలో కొంత మొత్తానికే దొరుకుతుంది. లేబుల్ గీకేసి, లోపల కడిగి అమ్ముతారు. దగ్గరికి పోయి చూడండి. గీకిన చోట జిగురు మరక చతురస్రంగా మిగిలి ఉంటుంది, ఒక్కోసారి ఎర్ర గీత మూల ఒకటి అంటుకునే ఉంటుంది. ఆ చతురస్రంలో ఏముండేదో ఇక ఎవరూ చెప్పలేరు. ప్లాస్టిక్కు కొన్ని రసాయనాలను పీల్చుకుంటుంది, తర్వాత నెమ్మదిగా నీళ్లలోకి వదులుతుంది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా అది పోయిందని చెప్పలేం. రసాయనం మోసిన డ్రమ్ములో తాగునీళ్లు, వంటనీళ్లు పెట్టవద్దు. ఈ ఒక్క విషయంలో డబ్బు మిగుల్చుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

పిల్లల గురించి ఇంకొక్క మాట. పుర్రె బొమ్మ పెద్దవాళ్లను భయపెడుతుంది గాని పిల్లలను భయపెట్టదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రివాళ్లు ఈ సంగతి గమనించారు. అక్కడి పిల్లలకు పుర్రె అంటే సముద్రపు దొంగల జెండా, ఆట, సరదా. అందుకని 1971లో నాలుక బయటపెట్టిన వికారమైన ఆకుపచ్చ ముఖం ఒకటి గీసి, విషపు సీసాల మీద అంటించమని ఇళ్లకు పంచారు. మన పిల్లల సంగతీ అంతే. సినిమాల్లో, టీ షర్టుల మీద చూసీ చూసీ వాళ్లకు పుర్రె ఒక అలంకారం. కాబట్టి గుర్తు చదవడం పెద్దల పని. పిల్లల విషయంలో కాపాడేది ఎత్తు, తాళం. నేల మీద, సింకు కింద, మంచం కింద ఉన్నవాటిని తలుపున్న అరలోకి, పిల్లల చెయ్యి అందని ఎత్తుకు మార్చండి. ఒకే గది ఇల్లయితే గోడకు ఒక చిన్న పెట్టె కొట్టించి గొళ్లెం పెట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. గుర్తు ఒక్కో సీసా గురించే చెబుతుంది. రెండు సీసాలు కలిపితే ఏమవుతుందో బొమ్మలో ఉండదు. దాని ఫలితం ఎలా ఉంటుందో మన సూరత్‌కు తెలుసు. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ జీఐడీసీ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకరు నుంచి రసాయన వ్యర్థాన్ని అక్రమంగా కాలువలోకి వదిలారు. కాలువలో వేరే వ్యర్థంతో అది కలవడంతో విషవాయువు పుట్టింది. పక్కనున్న డైయింగ్, ప్రింటింగ్ మిల్లులోకి పాకింది. రెక్కల కష్టం మీద బతికే ఆరుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు, 20 మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. వాళ్లు ఆ ట్యాంకరును ముట్టుకోలేదు, మూత తీయలేదు. పని చేసుకుంటున్నారు, అంతే.

అదే రసాయన సూత్రం చిన్న ఎత్తున మన బాత్రూంలో జరగవచ్చు. పండగ ముందు ఇల్లు కడుగుతాం. మరుగుదొడ్డిలో ఆమ్లపు ద్రవం పోస్తాం. ఇంకా తెల్లగా కావాలని బ్లీచింగ్ పౌడరో, బట్టల బ్లీచో దాని మీద చల్లుతాం. ఆమ్లం, బ్లీచు కలవగానే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీద వదిలిన వాయువు అదే. మన బాత్రూంలో పుట్టేది కొంచెమే కావచ్చు. కానీ గది నాలుగడుగులు, కిటికీ పుస్తకమంత, తలుపు మూసి ఉంది, మనిషి వంగి రుద్దుతోంది. ఆయాసం ఉన్న మనిషికి అది చాలు. బ్లీచు అమ్మోనియాతో కలిసినా ఊపిరి రేపే వాయువే వస్తుంది. అందుకని ఒక రోజు ఒకటే వాడండి. వాడాక నీళ్లు బాగా కొట్టండి. ఆ రెండోది మర్నాటికి ఉంచండి. రెండు మందులు కలిస్తే రెండింతలు శుభ్రమవుతుందన్న నమ్మకాన్ని ఇవాళే వదిలేయండి.

అయినా ప్రమాదం జరిగితే? నెమ్మదిగా చెబుతాను, పక్కనున్నవాళ్లకూ వినిపించండి.

కంట్లో పడితే కొళాయి ధార కింద 15 నుంచి 20 నిమిషాలు కడుగుతూనే ఉండాలి. రెప్ప వేళ్లతో తెరిచి పట్టుకోవాలి. కళ్లు తుడవకూడదు, చుక్కల మందు వెతుక్కుంటూ ఆగకూడదు. చర్మం మీద పడితే తడిసిన బట్ట వెంటనే తీసేసి ధారాళంగా నీళ్లు పోయాలి. వాయువు పీలిస్తే ముందు మనిషిని బయటి గాలికి తేవాలి. లోపలికి పోయి సీసాలు సర్దుతూ ఉండిపోకూడదు.

మింగితే మాత్రం మనవాళ్లలో పాత అలవాటు ఒకటుంది. ఉప్పునీళ్లు తాగిస్తారు, సబ్బునీళ్లు పోస్తారు, గొంతులో వేలు పెట్టి కక్కిస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ అది ప్రాణం తీస్తుంది. ఆమ్లం లోపలికి పోతూ గొంతును ఒకసారి కాల్చింది. కక్కిస్తే పైకి వస్తూ రెండోసారి కాలుస్తుంది. కిరోసిన్, థిన్నరు లాంటివి కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారతాయి, అక్కడ న్యుమోనియా పుట్టిస్తాయి. కక్కించకండి. ఆమ్లానికి విరుగుడని సోడా, కాస్టిక్‌కు విరుగుడని నిమ్మరసం తాగించకండి. నోరు కడిగి ఉమ్మించండి. డాక్టరు చెప్పకుండా ఏమీ తాగించకండి.

వెంటనే 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లో మొదలైన సేవ అది. 2007 నుంచి గుజరాత్‌లోనూ నడుస్తోంది. ఇక్కడ న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది, కార్పొరేషన్ వారి స్మిమేర్ ఆసుపత్రి ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుంచి జాతీయ విష సమాచార కేంద్రం పని చేస్తోంది. దాని ఉచిత ఫోన్ నంబరు 1800 116 117. రాసుకోండి, ఇంకోసారి చెబుతున్నాను: 1800 116 117. ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ సీసా, ఆ ట్యూబు, ఆ డబ్బా, ఏదైతే అది, తప్పకుండా వెంట తీసుకుపోండి. ఏం మింగాడో తెలియకపోతే డాక్టరు చికిత్సకు ముందు వెతుకులాట మొదలుపెట్టాలి. సీసా చేతిలో ఉంటే ఆ సమయం మిగులుతుంది. మనకు భాష రాకపోయినా, కంగారులో నోట మాట పెగలకపోయినా, సీసా మీది గుర్తు, పేరు మన తరఫున మాట్లాడతాయి. గుర్తు సీసాతోనే ఉండాలి అని ఇంతగా అనడానికి ఇది ఇంకో కారణం.

ఇప్పటిదాకా ఇంట్లోవాళ్లు చేయాల్సినవి చెప్పాను. భారమంతా వాళ్ల మీదే వేయడం న్యాయం కాదు. తయారు చేసేవాళ్లు గుర్తును సీసా ముందువైపు, వేలెడంత పెద్దదిగా వేయవచ్చు. కార్ఖానా యజమానులు ఖాళీ డ్రమ్ములను పాత సామాన్ల కొట్లకు అమ్మకుండా, వాటిని చట్టప్రకారం శుద్ధి చేసేవారికే ఇవ్వవచ్చు. మరక మందును పనివాళ్లు సీసాల్లో ఇంటికి పట్టుకుపోకుండా ఆపవచ్చు. కార్పొరేషన్ బడుల్లో తెలుగు, ఒడియా, మరాఠీ పిల్లలందరికీ ఈ గుర్తులను ఒక పాఠంగా చెప్పవచ్చు. మన పద్మశాలి సంఘాలు, బతుకమ్మ కమిటీలు, గణపతి మండళ్లు ఏటా పందిళ్లు వేస్తాయి. ఆ పందిట్లో ఒక మూల ఈ తొమ్మిది గుర్తులు, నాలుగు రంగులు పెద్ద అట్ట మీద గీసి, కింద తెలుగులో అర్థం రాసి నిలబెడితే వేలమంది చూస్తారు. దానికి ఖర్చు ఒక అట్ట, ఒక రంగుల డబ్బా.

రేపటి నుంచి కొట్టువాడిని అడగడం మొదలుపెట్టండి. అన్నా, దీని మీద పేరేది, గుర్తేది అని. లేదంటే ఆ సీసా తిరిగి ఇచ్చేయండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటాడు. పదిమంది అడిగితే వినక తప్పదు. గల్లీ మొత్తం అడిగితే లేబుల్ లేని సీసా ఆ కొట్లో ఉండదు. పొట్టకూటి కోసం ఇంత దూరం వచ్చి, రాత్రింబవళ్లు సాంచాలు నడిపి మనం పెంచుకుంటున్న పిల్లల కోసం ఆ మాత్రం అడిగే హక్కు మనకుంది.